రెండో రోజు లేచి కూర్చున్నాడు, మూడో రోజు తల ఎత్తలేకపోయాడు: పురుగుల మందు కేసులో ఇలా ఎందుకు?

నర్సంపేట తమ్ముడు | బుధవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా బావ గురించి అడుగుతున్నాను. పత్తికి మందు కొడుతుంటే ఒంటి మీద పడి, వాసన పట్టిందని ఆదివారం సాయంత్రం వరంగల్ దవాఖానకు తెచ్చాం. అప్పుడు ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ, వాంతులు, బట్టల్లోనే విరేచనం. సూదులు వేశారు, సెలైన్ పెట్టారు. సోమవారం పొద్దున లేచి కూర్చున్నాడు, ఇడ్లీ తిన్నాడు, అక్కతో మాట్లాడాడు. ఇంటికి తీసుకుపోతామని నేనే పోయి డాక్టర్‌ను అడిగాను. ఇంకో మూడు రోజులు ఉండాల్సిందే అన్నారు. వార్డులో మంచాలు దొరకట్లేదంటూనే మమ్మల్ని ఎందుకు ఆపుతున్నారని కోపం కూడా వచ్చింది. మంగళవారం రాత్రి బావ దిండు మీద నుంచి తల ఎత్తలేకపోయాడు. గంట తిరగకముందే ఊపిరి ఆడలేదు. ఇప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

విషం దిగిపోయింది కదా, మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది? సూది ఏదైనా తప్పు వేశారా? ఇంట్లో అందరూ అదే అంటున్నారు. మా అక్క ఏడుపు చూడలేకపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

ఐసీయూ సిస్టర్ | రాత్రి 9:31

తమ్ముడూ, ముందు ధైర్యంగా ఉండు. సూది తప్పు వల్ల జరిగింది కాదు ఇది. ఆ డాక్టర్ మిమ్మల్ని ఆపడమే మీ బావకు మేలు చేసింది. ఇంట్లో ఉండి ఉంటే ఆ గంటలో ఎక్కడికి తీసుకుపోయేవారు?

పన్నెండేళ్లుగా ఈ కేసులు చూస్తున్నాను. జూలై నుంచి అక్టోబర్ దాకా, పత్తికి మందు కొట్టే రోజుల్లో మా వార్డులో ప్రతి వారం ఒకరైనా ఇలాగే ఉంటారు. మొదటి రోజు చెమట, చొంగ, నురగ. రెండో రోజు బాగైనట్టు కనిపిస్తారు. అందుకే మేము ప్రతి డ్యూటీలో రోగిని ఒకటే అడుగుతాం: "దిండు మీద నుంచి తల లేపు, అలాగే పట్టుకో." నిన్న లేపిన మనిషి ఈ రోజు లేపలేకపోతే వెంటనే డాక్టర్‌ను పిలుస్తాం. శ్వాస ఆగిపోయే ముందు మెడ కండరాలే మొదట చెబుతాయి.

ఎమర్జెన్సీ డాక్టర్, హన్మకొండ | రాత్రి 10:05

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. దీన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. విషం ఒంట్లోకి వెళ్లిన 24 గంటల నుంచి 96 గంటల మధ్య వస్తుంది. ఎందుకు వస్తుందో కాస్త వివరంగా చెబుతాను, ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి.

నరం కండరానికి కబురు పంపడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కబురు అందాక ఆ రసాయనాన్ని తుడిచేయడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు ఆ ఎంజైమ్‌ను పట్టి బంధిస్తాయి. తుడిచేవాడు లేక రసాయనం పేరుకుపోతుంది. గ్రంథుల దగ్గర పేరుకుంటే చెమట, చొంగ, కన్నీళ్లు, ఊపిరితిత్తుల్లో నీరు. గుండె దగ్గర పేరుకుంటే నాడి నెమ్మదిస్తుంది. కంటిపాప సూది మొనంత అవుతుంది. కండరాల దగ్గర పేరుకుంటే మొదట చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతాయి, తర్వాత నీరసించి పడిపోతాయి.

ఈ విషానికి విరుగుడుగా వేసే అట్రోపిన్ సూది గ్రంథుల మీదా గుండె మీదా పనిచేస్తుంది. కండరాల మీద దానికి పట్టు లేదు. అందుకే చెమట ఆగింది, ఊపిరితిత్తులు ఆరాయి, మనిషి లేచి కూర్చున్నాడు. కండరాల లోపల జరగాల్సింది మాత్రం జరుగుతూనే ఉంది. ఇప్పుడు వెంటిలేటర్ చేసే పని ఒక్కటే, కండరాలకు మళ్లీ బలం వచ్చేదాకా ఆయన తరఫున ఊపిరి పీల్చడం. వారం పట్టవచ్చు, రెండు మూడు వారాలు పట్టవచ్చు. మధ్యలో ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకుంటే చాలామంది బయటపడతారు.

ఒక ప్రశ్న. ఇంత తీవ్రంగా రావడం ఒంటి మీద పడినప్పటికంటే కడుపులోకి పోయినప్పుడు ఎక్కువగా చూస్తాం. డబ్బా ఏదో వార్డులో చూపించారా?

మిర్చి రైతు, పరకాల | రాత్రి 10:20

నా అనుభవం. పోయిన ఏడాది తైవాన్ పంపుతో కొడుతుంటే ఎదురుగాలికి చొక్కా అంతా తడిసింది. మధ్యాహ్నానికి కళ్లు మసకలు, తల తిరగడం, కడుపులో తిప్పడం. ఎండ దెబ్బేమో అని చెట్టు కింద పడుకున్నాను. అదే చొక్కాతో. మా పక్క చేను అన్న చూసి, చొక్కా విప్పించి, బోరు దగ్గర సబ్బుతో తల నుంచి కాళ్ల దాకా రుద్ది, తర్వాత దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ అన్నారు, తడి చొక్కా ఒంటి మీద ఉన్నంతసేపూ మందు లోపలికి పోతూనే ఉంటుందట.

108 టెక్నీషియన్ | రాత్రి 10:44

అన్నా, మీ పక్క చేను ఆయన చేసింది సగం వైద్యం. జుట్టు, చెవుల వెనక, గోళ్ల సందులు, చంకలు మరిచిపోకుండా కడగాలి. కడిగేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి. తోలు బెల్టు, చెప్పులు మందు పీల్చుకుంటాయి, మళ్లీ తొడగొద్దు.

మేము ఊళ్లోకి వెళ్లేసరికి జరిగిపోయి ఉండేది ఒకటుంది, అది ఇక్కడ రాయాలి. ఉప్పు నీళ్లు, చింతపండు నీళ్లు, సబ్బు నీళ్లు, ఒక్కోచోట పేడ నీళ్లు. పది మంది పట్టుకుని మనిషి నోట్లో పోస్తుంటారు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ సగం స్పృహలో ఉన్న మనిషికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిరోసిన్, యాసిడ్, బాత్‌రూమ్ కడిగే ద్రావణం తాగిన కేసుల్లో వాంతి చేయించడం మరీ ప్రమాదం. లోపలికి పోయేటప్పుడు ఒకసారి కాల్చింది, వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది.

మా బండి వచ్చేలోపు: ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఉన్నది బయటికి కారిపోయేలా తల కాస్త కిందికి. తినడానికి, తాగడానికి ఏమీ వద్దు. డబ్బా, సీసా, గోళీల ఖాళీ అట్ట ఏది దొరికితే అది కవర్లో వేసి వెంట తీసుకురండి. లేబుల్ చిరిగిపోయినా సరే. ఎన్ని గంటలకు జరిగిందో ఒకరు గుర్తుపెట్టుకోండి.

నర్సంపేట తమ్ముడు | రాత్రి 11:38

డాక్టర్ గారూ, మొదట నేను పూర్తిగా రాయలేదు. మందు కొడుతుంటే తగిలింది కాదు. బావ తాగాడు. గులాబీ పురుగు పట్టి పత్తి పోయింది, అప్పు ఉంది, ఆదివారం ఇంట్లో మాటా మాటా వచ్చింది. దవాఖానలో కూడా "కొడుతుంటే తగిలింది" అనే చెప్పాం. పోలీస్ కేసు అవుతుంది, పిల్లల పెళ్లిళ్లప్పుడు మాట వస్తుంది అని పెద్దవాళ్లు అలా చెప్పమన్నారు. డబ్బా గట్టు మీద పారేశాం. ఆ అబద్ధాన్ని నేను ఆపదలచుకుంటే ఆపగలిగేవాణ్ని, ఆపలేదు.

ఐసీయూ సిస్టర్ | రాత్రి 11:46

తమ్ముడూ, ఇది రాయడానికి ఎంత కష్టపడ్డావో అర్థమవుతోంది. ఇప్పుడే వార్డుకు వెళ్లి డ్యూటీ డాక్టర్‌కు నిజం చెప్పు. ఆలస్యం కాలేదు. ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నది తెలిస్తే వాళ్లు తర్వాతి రోజులకు సిద్ధంగా ఉంటారు. రేపు తెల్లవారగానే ఎవరినైనా గట్టు దగ్గరికి పంపి డబ్బా తెప్పించు, లేకపోతే ఫోటో తీసి పంపమను.

ఎమర్జెన్సీ డాక్టర్, హన్మకొండ | రాత్రి 11:59

కేసు భయం గురించి స్పష్టంగా చెబుతాను. దవాఖానలో ఎంఎల్‌సీ, అంటే మెడికో-లీగల్ కేసు అని రాస్తారు, పోలీసులకు సమాచారం వెళ్తుంది, అది నియమం. దానర్థం మీ బావను శిక్షిస్తారని కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, విచారించి శిక్షించకూడదు అంటుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ రూపంలో లేనే లేదు. ఇక వైద్యం సంగతి, పోలీసు కాగితాలు పూర్తయ్యేదాకా ఆగకుండా ముందు ప్రాణం చూడాలని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఏ దవాఖానలోనైనా సరే, ఈ మాట గట్టిగా అడగొచ్చు.

అబద్ధం ఏం చేస్తుందో కూడా చెప్పాలి. ఒంటి మీద పడిందంటే మేము ఒక లెక్కలో చూస్తాం, తాగాడంటే ఇంకో లెక్కలో చూస్తాం. పురుగుల మందు అని చెప్పి అసలు తాగింది గడ్డి మందు అయితే వైద్యమే తలకిందులవుతుంది. పారాక్వాట్ గడ్డి మందు కేసులో అందరికీ పెట్టినట్టు ఆక్సిజన్ పెట్టం, రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతేనే పెడతాం, ఎందుకంటే ఆ మందు ఊపిరితిత్తిని కాల్చడానికి ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. ఒక్క మాట దాచితే మేము మంచి చేస్తున్నామనుకుని చెడు చేసే వీలుంది.

కొత్త మెడికల్ ఆఫీసర్, ములుగు వైపు | గురువారం ఉదయం 6:50

సార్, నేను పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆరు నెలల కింద చేరాను. ఇలాంటి కేసు వస్తే చేతులు వణుకుతాయి, దాచుకోను. రెండు అట్రోపిన్ ఆంపూల్స్ (సూది మందు ఉండే చిన్న గాజు సీసాలు) వేసి వరంగల్‌కు రాసేస్తున్నాం. ఏటూరునాగారం వైపు నుంచి వంద కిలోమీటర్ల పైనే దారి. ఇది సరిపోతుందా?

మందుల షాపు, జనగామ | ఉదయం 7:15

నా సలహా అయితే దారిలో ఎక్కడా ఆగొద్దు. నేరుగా వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు. చిన్న దవాఖానల్లో టైమ్ వేస్ట్.

108 టెక్నీషియన్ | ఉదయం 7:32

అన్నా, ఈ మాటతో ఒప్పుకోను. దారిలో పోయినవాళ్లను నా బండిలోనే చూశాను. ఊపిరితిత్తుల్లో నీరు నిండిన మనిషిని రెండు గంటలు కూర్చోబెట్టి తీసుకుపోతే వరంగల్ దాకా చేరడు. దగ్గరలో ఎక్కడ ఆక్సిజన్, నోరు శుభ్రం చేసే సక్షన్, అట్రోపిన్ ఉన్నాయో అక్కడ మొదలుపెట్టి, నడుస్తున్న వైద్యంతోనే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.

ఎమర్జెన్సీ డాక్టర్, హన్మకొండ | ఉదయం 8:10

108 తమ్ముడు సరిగ్గా చెప్పాడు. కొత్త డాక్టర్ గారూ, రెండు ఆంపూల్స్ చాలవు. మన దగ్గర ఆంపూల్ 0.6 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లలో మొదటి డోసు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, అంటే మూడు నుంచి ఐదు ఆంపూల్స్ ఒకేసారి నరంలోకి. ఐదు నిమిషాలకు చూడండి. మెరుగు లేకపోతే రెట్టింపు. మళ్లీ ఐదు నిమిషాలు, మళ్లీ రెట్టింపు. స్టెతస్కోప్ పెడితే ఊపిరితిత్తుల్లో గరగర పోవాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు ఆరాలి. కంటిపాప పెద్దదయ్యేదాకా వేస్తూ పోవడం, లేదా కంటిపాప పెద్దదైందని ఆపేయడం, రెండూ పొరపాట్లే. వినాల్సింది ఛాతీని. ఒకే పక్క, ఒకే చోట గరగర మిగిలితే అది వాంతి లోపలికి పోయిన గుర్తు కావచ్చు, దానికోసం అట్రోపిన్ పెంచుకుంటూ పోవద్దు.

ఛాతీ ఆరాక, అప్పటిదాకా వేసిన మొత్తంలో గంటకు 10 నుంచి 20 శాతం చొప్పున సెలైన్‌లో నడిపించండి. ఆక్సిజన్ లేదని అట్రోపిన్ ఆపొద్దు. పామ్ (ప్రాలిడాక్సిమ్) అనే ఇంకో విరుగుడు ఇంజెక్షన్ విషయంలో ఇప్పటికీ వాదనలున్నాయి, వేసినా అట్రోపిన్‌కు అది బదులు కాదు. ఫిట్స్ వస్తే డయాజిపామ్.

ఈ రెట్టింపు పద్ధతి ఎందుకు పట్టుబట్టి చెబుతున్నానంటే, బంగ్లాదేశ్‌లో 156 మంది మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పాత పద్ధతిలో అప్పుడొకటి అప్పుడొకటి సూది వేసిన గుంపులో 22.5 శాతం చనిపోయారు. వేగంగా పెంచి తర్వాత సెలైన్‌లో నడిపిన గుంపులో 8 శాతం. మందు అదే. వేసే తీరు మారింది, అంతే.

కొత్త మెడికల్ ఆఫీసర్, ములుగు వైపు | ఉదయం 8:24

ఇది కాగితం మీద రాసి ఎమర్జెన్సీ గది గోడకు అంటిస్తున్నాను సార్. ఇంకొకటి. బంధువులు "కడుపు కడగండి, ఎందుకు కడగట్లేదు" అని గొడవ పెట్టుకుంటారు. కడగకపోతే వైద్యమే చేయలేదంటారు.

ఎమర్జెన్సీ డాక్టర్, హన్మకొండ | ఉదయం 9:02

తెలుసు. మా దగ్గరా అదే. తాగిన మొదటి గంటలో వచ్చి, స్పృహలో ఉండి, లేదా గొంతులో పైపు వేసి శ్వాసనాళాన్ని కాపాడిన తర్వాత అయితే ఆలోచించొచ్చు. మూడు గంటల తర్వాత, కాళ్లూ చేతులూ పట్టుకుని పైపు దూర్చడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. కడుపులోని విషాన్ని పట్టుకోవడానికి తాగించే బొగ్గు పొడి గురించి కూడా శ్రీలంకలో 4,600 మందికి పైగా రోగుల మీద పరీక్షించి 2008లో ప్రచురించారు, అందరికీ అదే పనిగా పట్టించడం వల్ల మరణాలు తగ్గలేదు. బంధువులను పక్కకు పిలిచి, ఆంపూల్స్ చూపించి, "వైద్యం ఇదే, ఇప్పుడే నడుస్తోంది" అని ఒక్క నిమిషం చెప్పండి. ఆ ఒక్క నిమిషం నాకైతే ఎప్పుడూ పనికొచ్చింది.

విషం గురించి సందేహం వస్తే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబర్ 1800 116 117. ఏ సమయంలోనైనా చేయొచ్చు. ఇంటివాళ్లూ చేయొచ్చు, డాక్టర్లూ చేయొచ్చు.

అంగన్‌వాడీ టీచర్, భూపాలపల్లి | ఉదయం 10:30

పిల్లల సంగతి కూడా రాయండి సార్. మా దగ్గర రెండేళ్ల పాప వాళ్ల అమ్మ ఐరన్ గోళీలు చాక్లెట్లనుకుని మింగింది. రెండు మూడు సార్లు వాంతి చేసుకుని, తర్వాత ఆడుకుంటోంది. వాళ్ల నానమ్మ "తగ్గిపోయింది" అంది. నాకు మనసొప్పక బలవంతంగా బండి ఎక్కించాను.

ఎమర్జెన్సీ డాక్టర్, హన్మకొండ | ఉదయం 10:52

మేడమ్, మీరు ఆ పాప ప్రాణం కాపాడి ఉండొచ్చు. ఐరన్ విషంలో సరిగ్గా అలాగే జరుగుతుంది. మొదట వాంతులు, తర్వాత కొన్ని గంటలు అంతా సద్దుమణిగినట్టు ఉంటుంది, ఆ తర్వాత బీపీ పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. నర్సంపేట తమ్ముడి బావ కథ, ఈ పాప కథ వేరు వేరు విషాలు, కానీ మోసపోయే చోటు ఒకటే. మనిషి బాగా కనిపించే గంటలు.

జ్వరం గోళీలు, అదే పారాసిటమాల్, ఎక్కువ మింగినవాళ్లకు మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ ఉండదు. కాలేయం దెబ్బతిన్నట్టు తెలిసేసరికి రెండు మూడు రోజులవుతుంది. దానికి చక్కటి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే అద్భుతంగా పనిచేస్తుంది. ఎలుకల మందు పేస్టు కూడా అంతే. మొదటి రోజు కాస్త కడుపు నొప్పి, తర్వాత ఒకటి రెండు రోజులు మామూలుగా ఉంటారు, ఆ తర్వాత కళ్లు పచ్చబడతాయి. "బాగానే ఉన్నాడు, సంతకం పెట్టి తీసుకుపోతాం" అని పట్టుబట్టేది ఆ మధ్య రోజుల్లోనే. దయచేసి సంతకాలు పెట్టొద్దు.

మందుల షాపు, జనగామ | ఉదయం 11:20

పొద్దున నేను రాసింది తప్పు, 108 అన్న చెప్పింది అర్థమైంది. నాకు ఒకటి గుర్తొచ్చింది. ఒక అమ్మ వచ్చి బిడ్డకు కడుపులో తిప్పుతోందని గ్యాస్ గోళీ అడిగింది. మాటల్లో "నిన్న పరీక్షలో మార్కులు తక్కువొచ్చాయని జ్వరం గోళీల అట్ట మొత్తం మింగింది, వాంతి చేసుకుంది, ఇప్పుడు బాగానే ఉంది" అంది. గోళీ ఇవ్వకుండా ఆటో మాట్లాడి దవాఖానకు పంపించాను. ఇక నుంచి ఎవరు కడుపు నొప్పి గోళీ అడిగినా ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను.

మిర్చి రైతు, పరకాల | మధ్యాహ్నం 12:05

మా ఊళ్లో కల్లు తాగి మత్తుగా పడిపోయిన మనిషిని "నిద్రపోనీ" అని వదిలేస్తారు. అది కూడా ఇందులోకే వస్తుందా?

ఐసీయూ సిస్టర్ | మధ్యాహ్నం 12:40

వస్తుంది అన్నా. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారు. పిలిస్తే పలకకపోతే, గురక మారితే, ఊపిరి మెల్లగా పడుతుంటే నిద్ర అనుకోవద్దు. పక్కకు తిప్పి 108 పిలవండి. అలవాటున్న మనిషికి ఒక్కసారిగా కల్లు ఆగిపోయినా ఫిట్స్, వింత మాటలు వస్తాయి, దానికీ దవాఖానే.

వింత మాటలంటే ఇంకోటి. పురుగుల మందు రోగి అట్రోపిన్ నడుస్తున్నప్పుడు గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులు ఆడిస్తాడు, మంచం దిగి పరుగెత్తబోతాడు. ఒళ్లు కాలుతుంది, చెమట ఉండదు, పొట్ట ఉబ్బుతుంది, మూత్రం ఆగుతుంది. అది అట్రోపిన్ ఎక్కువైన గుర్తు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టినవాళ్లను చూశాను. మాకు చెప్పండి, డోసు తగ్గిస్తే సర్దుకుంటుంది.

నర్సంపేట తమ్ముడు | తొమ్మిది రోజుల తర్వాత, సాయంత్రం 6:15

అందరికీ చెప్పాలని వచ్చాను. ఆ రాత్రే డాక్టర్‌కు నిజం చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, "డబ్బా తెప్పించు" అన్నారు. మోనోక్రోటోఫాస్. నిన్న వెంటిలేటర్ తీసేశారు. ఈ రోజు సిస్టర్ తల లేపమంటే బావ లేపి, ఆమె ఇరవై లెక్కపెట్టేదాకా పట్టుకున్నాడు. అక్క పక్కనే నిలబడి తనూ లెక్కపెట్టింది. మనసు డాక్టర్ కూడా వచ్చి మాట్లాడుతున్నారు. బావ నాతో పెద్దగా మాట్లాడలేదు, చేయి మాత్రం వదల్లేదు. ఇంటికి తీసుకుపోయాక ఏం చూసుకోవాలి?

ఐసీయూ సిస్టర్ | సాయంత్రం 6:40

కళ్లలో నీళ్లొచ్చాయి తమ్ముడూ.

ఇంట్లో పురుగుల మందు, గడ్డి మందు ఒక్క డబ్బా కూడా ఉంచొద్దు. ఉంచక తప్పకపోతే తాళం వేసిన పెట్టెలో, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టొద్దు. కొన్నాళ్లు బావను ఒంటరిగా వదలొద్దు. అప్పు సంగతి ఇంటి పెద్దలంతా కూర్చుని ఆయన ముందే మాట్లాడండి, ఆయన వెనక కాదు. మనసు బాగాలేదని అనిపిస్తే, ఆయనకైనా మీ అక్కకైనా నీకైనా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు ఉండవు.

ఎమర్జెన్సీ డాక్టర్, హన్మకొండ | రాత్రి 8:20

ఒకటి కలుపుతున్నాను. రెండు మూడు వారాల్లో అరికాళ్లలో తిమ్మిర్లు, పిక్కల్లో నొప్పి, నడుస్తుంటే చెప్పు జారిపోవడం లాంటివి మొదలైతే ఆలస్యం చేయకుండా తీసుకురండి. కొందరిలో నరాల మీద ఆలస్యంగా ప్రభావం కనిపిస్తుంది. రివ్యూకు వచ్చేటప్పుడు డిశ్చార్జ్ కాగితం తెచ్చుకోండి, డబ్బా ఫోటో కూడా.